పునీత శౌరివారి గుడి – గోవాలోని బోం జేసు బసిలికా

మన ఆసుపత్రి ఓ.పి. రిజిస్టరు ఏ రోజుది తెరిచి చూసినా శౌరి, శౌరయ్య, శౌరమ్మ, శౌరిరాజు అనే పేర్లు ఒకటి రెండైనా కనబడతాయి. కోస్తా జిల్లాల కతోలిక కుటుంబాల్లో తాతల నాటి నుంచి వస్తున్న పేరిది. ఎక్కడిదీ పేరు అని అడిగితే పెద్దవాళ్ళు ‘పునీత ఫ్రాన్సిస్ శౌరివారిది’ అని వెంటనే చెబుతారు. జేవియర్ అన్న మాట తమిళ దేశంలో సవేరియార్ అయి, మన దగ్గరకు వచ్చేసరికి శౌరి అయింది. నిజానికి అది ఆయన పేరు కూడా కాదు, ఇంటిపేరు వంటిది. స్పెయిన్ దేశపు ఉత్తరాన నవార్ సీమలో ఆయన పుట్టిన కోట పేరు జేవియర్. అక్కడి బాస్క్ భాషలో దానికి ‘కొత్త ఇల్లు’ అని అర్థం. మన శౌరయ్యలందరూ ‘కొత్తింటివారు’ అన్నమాట!

ఆ పునీతుని శరీరం గోవాలో ఉన్నదని మన విశ్వాసులందరికీ తెలుసు. దానిని భద్రపరచిన దేవాలయాన్ని గురించి మాత్రం తెలిసింది తక్కువ. బోం జేసు బసిలికా అని దాని పేరు. పోర్చుగీసు భాషలో ‘బోం జేసు’ అంటే మంచి యేసు. బాలయేసుకు అంకితమైన గుడి అది. నాలుగు వందల ఏళ్ళు దాటిన ఆ కట్టడానికి ఈ మధ్య కాలంలో ఆరోగ్యం బాగాలేదు. గోడలకు ఆరోగ్యమేమిటని అనుకోవద్దు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము. కాని ముందు కథంతా చెప్పుకోవాలి.

ఆసుపత్రిలో దిగిన అతిథి

1510 నవంబరు 25న, పునీత కత్తెరీనమ్మ పండుగనాడు, ఆల్బుకెర్క్ అనే పోర్చుగీసు సేనాని బీజాపూరు సుల్తానుల చేతిలో ఉన్న గోవాను గెలుచుకున్నాడు. అప్పటికి మన వైపు శ్రీకృష్ణదేవరాయల పాలన. విజయనగర సైన్యానికి కావలసిన అరబ్బీ గుర్రాలు ఓడల మీద గోవా రేవులో దిగేవి గనుక, ఆ రేవు ఎవరి చేతిలో ఉందన్నది మన రాయలవారికి కూడా పెద్ద విషయమే. మాండవి నది ఒడ్డున ఉన్న ఆ పట్నాన్నే ఇప్పుడు పాత గోవా అంటున్నాం.

ఫ్రాన్సిస్ శౌరివారు 1542 మే 6న అక్కడ ఓడ దిగారు. లిస్బన్ నుంచి బయలుదేరి అప్పటికి పదమూడు నెలలు. దారిలో మొజాంబిక్ దగ్గర ఓడలు నెలల తరబడి ఆగిపోతే, జబ్బుపడిన నావికులకు సేవ చేస్తూ కాలం గడిపారు. పోపుగారి ప్రతినిధిగా, రాజుగారి లేఖలతో వచ్చిన మనిషి గోవాలో ఏ మేడలోనైనా దిగి ఉండవచ్చు. ఆయన మాత్రం ఆసుపత్రిలో దిగారు. పొద్దున రోగుల దగ్గర, తరువాత చెరసాలలో, ఆదివారాలలో ఊరి బయట కుష్ఠురోగుల దగ్గర. సాయంత్రాలు వీధుల్లో చిన్న గంట వాయిస్తూ పిల్లలను, పనివాళ్ళను పిలిచి జపాలు నేర్పేవారు. మన ఆసుపత్రి సిబ్బందికి ఆయన దగ్గరివాడుగా అనిపించడానికి ఈ మొదటి అయిదు నెలలే కారణం.

ఆ తరువాత ఆయన దక్షిణాన ముత్యాల తీరానికి, మలక్కాకు, మొలుక్కా దీవులకు, 1549లో జపానుకు వెళ్ళారు. తెలుగు నేల మీద బోధించినట్లు దాఖలాలు లేవు. చైనాలో అడుగుపెట్టాలని ఎదురుచూస్తూ 1552 డిసెంబరు 3న సాన్షియన్ అనే చిన్న దీవిలో, జ్వరంతో, నలభై ఆరో ఏట కన్నుమూశారు.

త్వరగా మాంసం కరిగిపోయి ఎముకలు తీసుకువెళ్ళడం సులువవుతుందని పెట్టె నిండా సున్నం పోసి పూడ్చిపెట్టారు. కొన్ని నెలల తరువాత తవ్వి చూస్తే శరీరం చెడలేదు. మలక్కాకు, అక్కడినుంచి 1554లో గోవాకు తెచ్చారు. వైస్రాయిగారి వైద్యుడు పరీక్షించి తాను చూసినది సాక్ష్యంగా రాసియిచ్చాడు. ఆ తరువాతి శతాబ్దాలలో శరీరం ఎండి బాగా కుదించుకుపోయింది. అదీగాక భక్తి పేరిట మనుషులే దానికి హాని చేశారు. ముద్దుపెట్టుకోబోయిన ఒకామె కాలి వేలు కొరికి తీసుకుపోయిందని చెబుతారు. 1614లో కుడిచేతిని రోముకు పంపారు. పునీతుని శరీరం మీద మన ప్రేమ కొన్నిసార్లు ఎంత మోటుగా ఉంటుందో!

శౌరివారి కోసం కట్టిన గుడి కాదు

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బోం జేసు గుడిని శౌరివారి కోసం కట్టలేదు. యేసుసభ గురువులు తమ మఠం పక్కన తమ కోసం కట్టుకున్నారు. 1594 నవంబరు 24న పునాది వేశారు. 1605 మే 15న గోవా అగ్రపీఠాధిపతి అలేషొ ద మెనేజెస్ వారు అభిషేకించారు. ఈ రెండు తేదీలనూ గాయకుల మేడ కింద స్తంభాల మీద చెక్కి ఉంచారు గనుక వెళ్ళినవారు ఎవరైనా చూడవచ్చు. అప్పటికి ఫ్రాన్సిస్ వారు పునీతుడుగా ప్రకటింపబడలేదు. అది 1622లో జరిగింది. శరీరం పాత గోవాలోని పునీత పౌలు కళాశాల నుంచి ఇక్కడికి చేరింది 1624లో.

గుడికి డబ్బు ఎక్కడిది? కొచ్చిన్ కోటకు కెప్టెనుగా పనిచేసిన జెరోనిమొ మస్కరేన్యస్ అనే పోర్చుగీసు అధికారి 1593లో చనిపోతూ తన ఆస్తిని ఇందుకు రాసియిచ్చాడు. గుడి మధ్యలో, ప్రసంగవేదికకు ఎదురుగోడకు ఆయన జ్ఞాపకచిహ్నం ఉంది.

ఇక గుడి ముందు నిలబడి చూద్దాం. ముఖభాగం దాదాపు 78 అడుగుల ఎత్తు, 75 అడుగుల వెడల్పు. అడుగున మూడు ద్వారాలు, వాటి పైన మూడు పెద్ద కిటికీలు, వాటి పైన మూడు గుండ్రటి కిటికీలు. అన్నిటికీ పైన, శిఖరంలో, దేవదూతల మధ్య ‘ఐ.హెచ్.ఎస్.’ అనే మూడక్షరాలు. గ్రీకు భాషలో యేసు నామములోని మొదటి మూడక్షరాలివి, యేసుసభ వారి గుర్తు. ఒక్కొక్క అంతస్తుకు ఒక్కొక్క రకం స్తంభాలు పెట్టడం ఐరోపాలో ఆనాటి పద్ధతి. పాత రోము, గ్రీసు కట్టడాల కొలతలను తీసుకుని వాటికి కొత్త అలంకారం అద్దిన శైలి అది. బరోక్ అంటారు. గోవాలోని తక్కిన పాత గుళ్ళకు ముందువైపు రెండు బురుజులుంటే దీనికి అవి లేవు. గంట గోపురం వెనుకవైపున ఉంది.

గోడలు లాటరైట్ అనే ఎర్రరాయి. చెక్కడపు పని మాత్రం దానిమీద సాధ్యం కాదు. అందుకని స్తంభాలకు, కిటికీల అంచులకు, శిఖరంలోని శిల్పాలకు బొంబాయికి ఉత్తరాన ఉన్న వసాయి నుంచి నల్లరాయి తెప్పించారు. ఎరుపు మీద ఆ నల్లని గీతలు పొద్దు వాలే వేళకు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేము. కాని ఈ అందం అసలుది కాదు! ఆ మాట కాసేపాగి చెబుతాము.

లోపల

లోపల అడుగుపెట్టగానే ఆశ్చర్యం కలిగేది ఖాళీ. 183 అడుగుల పొడవు, 55 అడుగుల వెడల్పు, 61 అడుగుల ఎత్తు గల ఒకే ఒక్క మందిరం. మధ్యలో వరుస స్తంభాల అడ్డు లేదు. పక్క గోడలు సాదా. యేసుసభ వారు ప్రసంగానికి ప్రాముఖ్యం ఇచ్చేవారు గనుక చిట్టచివర నిలబడినవాడికి కూడా గురువు కనిపించాలి, మాట వినిపించాలి. మైకులు లేని రోజులు కదా. పై నుంచి చూస్తే గుడి సిలువ ఆకారంలో ఉంటుంది. పక్కన చెక్కతో చేసిన ప్రసంగవేదిక మీద యేసుప్రభువును, నలుగురు సువార్తికులను, నలుగురు వేదపండితులను చెక్కారు.

ఇంత సాదాతనం తరువాత ఒక్కసారిగా ఎదురవుతుంది బలిపీఠం వెనుక గోడ. కిందినుంచి పైకప్పు దాకా బంగారు పూత. నడిమధ్యన నిలువెత్తుకు మించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ వారి స్వరూపం. మన ఇన్నయ్యలు, ఇన్నాసులు ఈయన పేరువారే. ఆయన చూపు పైనున్న బంగారు సూర్యుని వైపు. ఆ సూర్యునిలో మళ్ళీ అవే మూడక్షరాలు. ఆ పైన పవిత్ర త్రిత్వం. ఆయన పాదాల దగ్గర చిన్న బాలయేసు. ఇంత పెద్ద గుడి ఎవరి పేరిట ఉన్నదో ఆయనే అన్నిటికంటే చిన్న బొమ్మ! ఎవరు ఉద్దేశించి చేశారో గాని మాకు అది బాగా నచ్చింది.

కుడిచేతి వైపున శౌరివారి చిన్న గుడి. మూడంతస్తుల పాలరాతి కట్టడం పైన వెండి మందసం. రెండూ వేరు వేరు చేతులవి. వెండి మందసం గోవా కంసాలుల పని, 1636–37లో చేశారు. నమూనా ఇచ్చింది మస్త్రిల్లి అనే ఇటలీ దేశపు గురువు. చుట్టూ 32 వెండి రేకుల మీద పునీతుని జీవిత ఘట్టాలున్నాయి. కింద ఉన్న పాలరాతి సమాధి ఇటలీలోని తస్కనీ పాలకుడు మూడవ కోసిమొ మెదీచి కానుక. పునీతుని తల కింద ఉన్న దిండు ఆయనకు బహుమానంగా అందిందట. అందుకు కృతజ్ఞతగా ఫ్లోరెన్సు శిల్పి ఫొజ్జీని చేత పదేళ్ళపాటు ఈ సమాధిని చెక్కించి, ముక్కలు ముక్కలుగా ఓడలో పంపించాడు. 1698లో ఇక్కడ నిలబెట్టారు. నాలుగు వైపులా నాలుగు కంచు పలకలు. బోధ, బాప్తిస్మం, శత్రువుల నుంచి తప్పించుకోవడం, దీవిలో మరణం. ఇటలీ పాలరాయి, గోవా వెండి, నడుమ స్పెయినులో పుట్టి చైనా వాకిట పోయిన మనిషి.

మందసం ఎత్తున ఉంటుంది. కింద నిలబడినవారికి అద్దం వెనుక తల భాగం లీలగా తెలుస్తుంది, అంతే. దగ్గరగా చూడాలంటే పదేళ్ళకొకసారి జరిగే బహిరంగ దర్శనానికి వెళ్ళాలి. మొట్టమొదటి బహిరంగ దర్శనం 1782లో జరిగింది. 1759లో పోర్చుగల్ ప్రభుత్వం యేసుసభ వారిని తన రాజ్యం నుంచి వెళ్ళగొట్టాక, పోతూ పోతూ శరీరాన్ని మార్చివేశారని పుకారు పుట్టింది. అది తప్పని చూపడానికి తెరిచారు. ఇటీవలిది 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 వరకు జరిగింది. అప్పుడు మందసాన్ని ఎదురుగా ఉన్న సే కతెద్రాలుకు ఊరేగింపుగా తీసుకువెళ్ళి ఉంచారు. పదేళ్ళ లెక్క ప్రకారం తరువాతది 2034.

చెప్పక తప్పని మరొక మాట

పాత గోవా అంతా భక్తి కథే కాదు. 1540 తరువాత ఆ దీవులలో హిందూ దేవాలయాలను కూల్చారు. 1560లో మతవిచారణ న్యాయస్థానం నెలకొన్నది. అది అనేక కుటుంబాలను బాధపెట్టింది. అటువంటిది గోవాకు కావాలని 1546లో రాజుకు రాసినవారిలో శౌరివారు కూడా ఉన్నారు. అది నెలకొనే నాటికి ఆయన లేరు గాని, ఆ ఉత్తరం ఉంది. పునీతుని ప్రేమించేవారు దీనిని దాచవలసిన పని లేదని మా అభిప్రాయం.

ఆసుపత్రి పత్రిక గనుక ఒక వైద్యుని పేరు ఇక్కడ తలచుకోవాలి. గార్సియా ద ఓర్తా 1534లో గోవా వచ్చి స్థిరపడ్డ యూదు వంశపు పోర్చుగీసు వైద్యుడు. అల్లం, మిరియం, కర్పూరం, ఇంగువ వంటి మన దేశపు మూలికలు, దినుసులపై ఆయన రాసిన గ్రంథం 1563లో గోవాలోనే అచ్చయింది. మన దేశానికి అచ్చు యంత్రం వచ్చి అప్పటికి ఏడేళ్ళే. కలరా రోగి ఎలా ఉంటాడో, నాడి ఎలా నీరసిస్తుందో, కళ్ళు ఎలా గుంటలు పడతాయో తాను చూసి రాసిన తొలి ఐరోపా వైద్యులలో ఆయన ఒకరు. ఆయన 1568లో చనిపోయాడు. 1580లో మతవిచారణ వారు ఆయన ఎముకలను సమాధి నుంచి తవ్వి తగలబెట్టారు. ఒకే పట్నంలో, ఒకే శతాబ్దంలో, ఒకరి శరీరాన్ని వెండి మందసానికి సిద్ధం చేస్తూ మరొకరి ఎముకలను మంటల్లో వేశారు.

పట్నాన్ని చంపిన నీళ్ళు

ఇవాళ పాత గోవాకు వెళితే పెద్ద పెద్ద గుళ్ళున్నాయి గాని ఊరు లేదు. ఒకప్పుడు లిస్బన్‌తో పోల్చిన పట్నం ఏమైంది? డచ్చివారి పోటీ, వ్యాపారం పడిపోవడం ఒక కారణం. రెండవది జబ్బులు. 1543లోనే కలరా వచ్చి జనాన్ని ఊడ్చివేసినట్లు రాసిపెట్టారు. ఆ తరువాత మలేరియా, విరేచనాలు ఏటేటా. రాజుగారి ఆసుపత్రి గొప్పగా ఉండేది. 1608 ప్రాంతంలో అందులో రోగిగా ఉన్న పిరార్ అనే ఫ్రెంచివాడు వెండి పళ్ళాల్లో భోజనం పెట్టేవారని, పక్కబట్టలు తరచుగా మార్చేవారని, అంత మంచి ఆసుపత్రి లోకంలో లేదేమోనని రాశాడు. అది పోర్చుగీసు వారికే గాని ఊరి జనానికి కాదనుకోండి. అంతటి ఆసుపత్రిలో 1604 నుంచి 1634 వరకు 25,000 మంది సైనికులు చనిపోయారని లెక్క చెబుతోంది.

వెండి పళ్ళెం జబ్బును ఆపలేదు. కారణం మంచం పక్కన లేదు, బావిలో ఉంది. పాత గోవా నేల కింద ఉన్నది ఆ ఎర్రరాయే. తేనెపట్టులా రంధ్రాలుండే రాయి. ఇళ్ళ మరుగుదొడ్ల మురుగు ఆ రంధ్రాల గుండా ఇంకి పక్కనున్న బావుల్లోకి చేరేదని చరిత్రకారులు చెబుతారు. జనం తాగింది ఆ నీళ్ళే. కలరా నీటి ద్వారా వస్తుందని ప్రపంచానికి తెలియడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. 1695లో వైస్రాయి పట్నం విడిచి పక్క ఊరికి మారాడు. 1759లో పంజిం చేరారు. 1843లో పంజిం అధికారికంగా రాజధాని అయింది. ఖాళీ అయిన ఇళ్ళ రాళ్ళను కూడా కొత్త ఊరికి మోసుకుపోయారు. 1835లో మఠాలను మూసివేయడంతో గుళ్ళను చూసేవారు లేకపోయారు. దగ్గరలోని పునీత అగస్తీను గుడి కప్పు 1842లో కూలింది. 1931లో ముఖభాగం, గోపురంలో సగం పడిపోయాయి. మిగిలిన సగం గోపురం ఇప్పటికీ ఒంటరిగా నిలబడి ఉంది. శౌరివారు ఉన్నందువల్లనే బోం జేసుకు ఆ గతి పట్టలేదు.

మన ఇళ్ళలో సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు మధ్య దూరం చూసుకోమని ప్రతి వానాకాలం ఈ పత్రికలో ఎందుకు రాస్తున్నామో పాత గోవా చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

చర్మం ఒలిచిన గుడి

ఇప్పుడు గుడి ఆరోగ్యం సంగతికి వద్దాం. ఎర్రగా కనిపించే బోం జేసు దాదాపు మూడున్నర శతాబ్దాలు తెల్లగా ఉండేది. గోవాలోని అన్ని పాత గుళ్ళలాగే దీనికి కూడా దట్టమైన సున్నపు పూత ఉండేది. 1952లో శౌరివారి నాలుగు వందల వర్ధంతి రానున్నది. అంతకు ముందు 1946లో పన్నెండవ భక్తినాథ పోపుగారు ఈ గుడికి బసిలికా గౌరవం ఇచ్చారు. ఆ ఏర్పాట్లలో భాగంగా 1950ల తొలినాళ్ళలో పోర్చుగల్ నుంచి వచ్చిన బల్తజార్ కాస్త్రొ అనే వాస్తుశిల్పి బయటి పూతనంతా గీకించివేశారు. లోపలి రాయి కనబడితే గుడి ప్రాచీనంగా, గంభీరంగా కనిపిస్తుందని ఆనాటి ఆలోచన. ఐరోపాలో గట్టి రాతితో కట్టిన గుళ్ళకు ఈ పని చేసి మెప్పు పొందారు. ఇక్కడి రాయి వేరు, ఇక్కడి వాన వేరు.

లాటరైట్‌ను భూమిలో నుంచి తీసేటప్పుడు మెత్తగా ఉండి, గొడ్డలి వంటి పనిముట్టుతో కోయడానికి వీలవుతుంది. గాలి తగిలాక గట్టిపడుతుంది. కాని దాని లోపల ఇనుపరజంతో పాటు మెత్తని మట్టి కూడా ఉంటుంది. వాననీరు రంధ్రాల్లోకి పోయి ఆ మట్టిని కొద్దికొద్దిగా కడిగివేస్తుంది. గోవాలో నాలుగు నెలల్లో సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కృష్ణా, గుంటూరు వైపు ఏడాది మొత్తానికి వెయ్యికి అటూ ఇటూ. ఆ రాయితో కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే గవ్వలు, ఆలిచిప్పలు కాల్చిన సున్నంతో పూత వేసేవారు, వానాకాలం వెళ్ళాక మళ్ళీ వెల్ల వేయించేవారు.

మనిషికి చర్మం చేసే పనే గోడకు పూత చేస్తుంది. నీటిని లోపలికి రానివ్వదు, లోపలి తేమను మెల్లగా బయటికి వదులుతుంది. కాలిన గాయాలతో మన ఆసుపత్రికి వచ్చేవారిలో ప్రాణం మీదికి తెచ్చేది ఒక్క నొప్పే కాదు, చర్మం పోయిన చోట నీరు కారిపోవడం, క్రిములు చేరడం. బోం జేసు అదే స్థితిలో డెబ్బై ఏళ్ళకు పైగా వానలో నిలబడి ఉంది. రాళ్ళ ముఖాలు గుంటలు పడ్డాయి, అంచులు అరిగాయి. గోడ దగ్గర నిలబడి వేలు ఆనిస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది. దయచేసి ఎవరూ ఆనించవద్దు. లక్షలమంది వేళ్ళు కూడా వానతో సమానమే. 2020లో ఆ గుడి బాధ్యతలు చూసే గురువులు గోడలు కరిగిపోతున్నాయని బాహాటంగా హెచ్చరించాక పత్రికలన్నీ రాశాయి.

మరి మళ్ళీ పూత వేస్తే సరిపోదా? అక్కడే చిక్కు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, 1986 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నది. ఇప్పుడున్న రూపాన్ని మార్చడమంటే తేలిక కాదు. దానికి తోడు రెండు మూడు తరాలవారు పుట్టినప్పటి నుంచి చూసినది ఎర్ర గుడినే. క్యాలెండర్ల మీద, పండుగ కార్డుల మీద, పర్యాటక శాఖ బొమ్మల మీద అదే. తెల్లగా మారిస్తే మా బోం జేసులా ఉండదని చాలామంది గోవావారు అంటారు. వాస్తుశిల్పులలో పూత కావాలని గట్టిగా వాదించేవారున్నారు, రాయికి మందులు పట్టించి కాపాడవచ్చుననేవారూ ఉన్నారు.

మా మట్టుకు మాకు పూత వైపే మనసు మొగ్గుతుంది. అలవాటైన రూపం పోతుందని రోగికి చర్మం అతికించకుండా ఉంటామా? అయితే ఏ పూత అన్నది ముఖ్యం. సిమెంటు పనికిరాదు. సిమెంటు గట్టిగా ఉండి లోపలి తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ లోపలే ఉండి రాయిని తింటుంది. కొన్నాళ్ళకు పూతే పెళ్ళలుగా ఊడి, తనతో పాటు రాతి పొరను కూడా లాక్కుపోతుంది.

ఈ మాట గోవాకే కాదు. మన విచారణల్లో గానుగ సున్నంతో, అందులో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి కట్టిన పాత గుళ్ళు, బంగళాలు, పెద్ద లోగిళ్ళు ఇంకా ఉన్నాయి. జూబిలీ వచ్చిందంటే చందాలు వేసుకుని వాటికి సిమెంటు ప్లాస్టరింగు, ఆ పైన ఆయిలు పెయింటు వేయిస్తున్నాం. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు ఉబ్బుతాయి, మూలల్లో నల్లగా బూజు కడుతుంది. ఆ గోడ పక్కనే మంచం వేసుకుని పడుకునే పిల్లలకు, ముసలివాళ్ళకు దగ్గు, ఆయాసం. తేమ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది. పాత గోడ బాగుచేయించేముందు సున్నం పని తెలిసిన మేస్త్రీ ఊళ్ళో ఉన్నాడేమో ఒకసారి విచారించండి. వయసు మీద పడినవాళ్ళే గాని, ఉన్నారు.

వెళ్ళదలచినవారికి

వాస్కో రైలు విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా వెళుతుంది. మడగావ్‌లో దిగితే పంజిం బస్సులున్నాయి. పంజిం నుంచి పాత గోవా సుమారు 10 కిలోమీటర్లు. శౌరివారి పండుగ డిసెంబరు 3, నవదిన ప్రార్థనలు నవంబరు 24న మొదలవుతాయి. ఆ రోజుల్లో జనం విపరీతం గనుక గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు, నెలలు నిండిన తల్లులు వేరే రోజులు చూసుకోవడం మంచిది. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. షుగరు, బి.పి. బిళ్ళలు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకోండి. ఉక్కపోత ఎక్కువ, నీళ్ళు తాగుతూ ఉండాలి, సీసా నీళ్ళయినా సరే, కాచిన నీళ్ళయినా సరే. గుడిలో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. అగస్తీను గోపురం దాకా ఎక్కుడు దారి ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవారు నింపాదిగా వెళ్ళండి. బోం జేసులో మాత్రం నేల సమతలమే, వీల్‌చైరుతో వెళ్ళినవారిని మేము చూశాము.